పురుగు కాదు, పాము

మా అత్తయ్యది యాదగిరిగుట్ట దగ్గర పల్లె. పొద్దుగూకాక పాము అనే మాట ఆమె నోట రాదు. "పురుగు" అంటుంది. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని నమ్మకం. పెళ్లయి పద్దెనిమిదేళ్లు, నాకూ అదే అలవాటైంది. ఆ మాట నా కిడ్నీల మీదకు తెస్తుందని కలలో కూడా అనుకోలేదు.

మా ఇల్లు కీసర వైపు ఒక లేఅవుట్‌లో. చుట్టూ సగం ప్లాట్లు ఖాళీ, బండరాళ్లు, నడుమెత్తు గడ్డి. పోయిన అక్టోబర్‌లో వాన తెరిపిచ్చిన ఒక శనివారం, రాత్రి ఏడున్నర. కరెంటు లేదు. దండెం మీది బట్టలు తెద్దామని పెరట్లోకి వెళ్లాను. ఫోన్ లోపలే ఉంది. కుక్కర్‌లోంచి ఆవిరి తన్నుకొస్తున్నట్టు బుస్సుమని ఆగని చప్పుడు. స్టవ్ కట్టేయలేదేమో అని వంటింటి వైపు తిరిగాను. ఆ తిరగడంలోనే ఎడమ చీలమండ పక్కన నిప్పు పెట్టినట్టు మంట.

అత్తయ్య టార్చి వేసేసరికి లావుపాటి ఒళ్లు రాళ్ల సందులోకి జారుతోంది. వీపు మీద గొలుసు పరిచినట్టు వరుసగా ముదురు మచ్చలు. "పురుగు ముట్టింది బిడ్డా" అంటూ పాత చీర చింపి మోకాలి కింద బిగించి కట్టింది. "మా ఊళ్ల పసరు పోస్తరు, అటే పోదాం" అని ఏడుస్తుంటే మా ఆయన కారు తీశారు. అలా కట్టకూడదని మాకెవరికీ తెలియదు. పింజర విషం కండను కూడా పాడుచేస్తుంది. కట్టు బిగిస్తే కాలికే చేటు. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేరడం, అంతే చేయాల్సింది.

దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్ కౌంటర్‌లో నేను చెప్పిందీ అదే మాట. "పురుగు ముట్టిందండీ." అక్కడి అమ్మాయి తేలో జెర్రో అనుకుంది, కూర్చోమంది. ఇరవై నిమిషాలు కుర్చీలోనే ఉన్నాను. నోట్లో ఉప్పగా తగిలితే చేతిరుమాలులో ఉమ్మాను, ఎర్రగా పడింది. చిగుళ్ల నుంచి రక్తం. అప్పుడు మా ఆయన అరిచారు: "పామండీ, పాము కరిచింది!" డాక్టర్ పరుగున వచ్చారు. కానీ అక్కడ పాము విషానికి విరుగుడు మందు లేదు. 108 వచ్చి, ఈసీఐఎల్ చౌరస్తా ట్రాఫిక్ దాటి, నగరంలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి చేరాం. కాటు పడిన గంటా యాభై నిమిషాలకు మొదటి సీసా ఎక్కింది.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ముందుగా నా రక్తం కొంచెం తీసి, పొడిగా ఉన్న గాజు గొట్టంలో పోసి, కిటికీ అంచున స్టాండ్‌లో నిలబెట్టింది. "ఇరవై నిమిషాలు దీన్నెవరూ కదపొద్దు" అంది. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదట. గాజు తగిలితేనే రక్తంలో గడ్డకట్టే పని మొదలవుతుంది. గొట్టానికి సబ్బు మరక ఉన్నా ఫలితం తప్పుతుంది. ఇరవై నిమిషాలయ్యాక ఆమె గొట్టాన్ని మెల్లగా వంచింది. నా రక్తం నీళ్లలా గోడ వెంట జారిపోయింది.

"గడ్డకట్టలేదు. పింజర జాతే. పది వయల్స్ విరుగుడు పెట్టండి."

రక్తపింజర విషం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ఒక్కసారిగా రెచ్చగొట్టి ఖర్చయ్యేలా చేస్తుంది. ఆ తర్వాత ఎక్కడ చిల్లు పడినా ఆపడానికి ఒంట్లో ఏమీ మిగలదు. నర్సు సీసాల్లోని తెల్లటి పొడిలో నీళ్లు పోసి, కుదపకుండా అరచేతుల మధ్య దొర్లిస్తూ కరిగించడం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మన దగ్గర దొరికే ఈ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే. కాబట్టి పామును చంపి తేనక్కర్లేదు. పసిపిల్లలకైనా పెద్దలకైనా మోతాదు ఒకటే, పాము మనిషి బరువు చూసి విషం ఎక్కించదు కదా.

ఆ మందు పడక అరగంటకు ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతు బిగుసుకుంది. డ్రిప్ ఆపి తొడకు అడ్రినలిన్ ఇచ్చారు, కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టారు. తెల్లవారుజామున మళ్లీ గొట్టం. ఆరు గంటలు ఎందుకు ఆగాలంటే, లివర్ ఆ పదార్థాలను కొత్తగా తయారుచేసుకోవడానికి అంత సమయం పడుతుంది. మళ్లీ నీళ్లే. ఇంకో పది వయల్స్. పొద్దున పదింటికి డాక్టరమ్మ గొట్టాన్ని తలకిందులు చేసి నా కళ్ల ముందు పట్టుకుంది. రక్తం పడలేదు. అడుగున ముద్దలా అతుక్కుపోయి ఉంది. నాకు దుఃఖం ఆగలేదు.

విరుగుడు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది కానీ, అప్పటికే జరిగిన నష్టాన్ని బాగుచేయలేదు. నా కిడ్నీలు ఆ గంటా యాభై నిమిషాల మూల్యం చెల్లించాయి. మూడో రోజుకు మూత్రం ఆగింది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఒకటి దగ్గర ఉండాల్సింది, 6.8కి పోయింది. నాలుగుసార్లు డయాలసిస్ చేశారు. పదమూడో రోజు ఇంటికి వచ్చాను. మర్నాడే జ్వరం, దురద, మోకాళ్ల నొప్పులు. విషం మళ్లీ ఎక్కిందని అత్తయ్య వణికిపోయింది. అది విషం కాదు, మందు గుర్రం రక్తం నుంచి వస్తుంది కాబట్టి ఒళ్లు దానికి ఆలస్యంగా ఎదురుతిరగడం. వారం రోజుల మాత్రలతో తగ్గింది.

మంచం మీద ఉన్నన్నాళ్లూ ఆ మందు గురించే చదివాను. చెన్నై దగ్గర 1978లో మొదలైన, పాములు పట్టే ఇరుల అనే గిరిజనుల సహకార సంఘం వాళ్లు పాములను పట్టి, విషం తీసి, వదిలేస్తారు. దేశంలో విరుగుడు తయారీకి ఎక్కువగా వాడేది ఆ విషమే. దాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే యాంటీబాడీలతో, అంటే విషాన్ని పట్టుకునే పదార్థాలతో, మందు చేస్తారు. ఆ మనుషులకూ ఆ గుర్రాలకూ నేను రుణపడ్డాను. అయితే ఒకే జాతి పామైనా ప్రాంతాన్ని బట్టి విషం మారుతుందని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ)లో శాస్త్రవేత్త కార్తీక్ సునగర్ బృందం చూపించింది. అంటే ఒకచోటి విషంతో చేసిన మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయకపోవచ్చు. మన పాముల విషం మీద కూడా మందును పరీక్షించి తీరాలి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది పోయారని అంచనా. ప్రతి కాటునూ నమోదు చేయాలని కేంద్రం రాష్ట్రాలను కోరింది 2024 నవంబర్‌లో మాత్రమే. "పురుగు ముట్టింది" అని చీటీలో రాస్తే ఆ లెక్కలోకి ఎలా వస్తుంది?

ఇంకొకటి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. రక్తపింజరను ఇంగ్లిషులో రస్సెల్స్ వైపర్ అంటారు; ఎవరి పేరు మీద అలా అంటారో ఆ పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు మన విశాఖలో ఉండి పాములను పరిశీలించాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఆ పాముకు రాసిన పేరు తెలుగే: కాటుక రేకుల పొడ. టార్చి వెలుగులో నేను చూసిన ఆ మచ్చలకు అంతకంటే సరైన మాట లేదు. ఇంత నిశితంగా చూసి పేరు పెట్టినవాళ్ల మనుమరాళ్లం, చీకటి పడితే పాము అనడానికి జంకుతున్నాం.

మూడు నెలలకు క్రియాటినిన్ 1.1కి దిగింది. చీలమండ దగ్గర రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ మిగిలింది, చలికి లాగుతుంది. మొన్న రాత్రి బంతి కోసం పక్కింటి పిల్లలు మా పెరటి గేటు తోశారు. గడపలో కూర్చున్న అత్తయ్య గట్టిగా కేకేసింది: "ఆగుండ్రి బిడ్డా, అక్కడ పాము ఉంటది. నేను లైటు తెస్త."