తెర చీకటి పడినప్పుడల్లా

మా ఇంట్లో కంప్యూటర్ తెర రోజుకి పదిసార్లు చీకటి పడేది. కరెంటు పోయి కాదు. ఏదో ఒక ప్రోగ్రాం తెరవగానే వెనకున్నదంతా మసకబారిపోయి, నడిమధ్య విండోస్ పెట్టె ఒకటి వచ్చి కూర్చునేది. ఈ యాప్ మీ కంప్యూటర్‌లో మార్పులు చేయడానికి ఒప్పుకుంటారా అని ఒక ప్రశ్న, దాని కింద యెస్, నో. నా చెయ్యి చూడకుండానే యెస్ మీదికి పోయేది. పదిహేడేళ్లుగా తెనాలిలో ఇంట్లోనే డీటీపీ పని చేస్తున్నాను. పెళ్లికార్డులు, పెద్దకర్మ కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు. ముహూర్తాల రోజుల్లో కూర్చుంటే అర్ధరాత్రి దాకా లేవను. అలాంటప్పుడు మధ్యలో వచ్చి అడిగేదాన్ని ఎవరు చదువుతారు?

పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఒక పెట్టె. తెలుగు టైపు చేయడానికి కీబోర్డు సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఇంకొకటి. పొద్దున్నే మిషన్ ఆన్ చేయగానే ప్రింటర్ తాలూకుది మరొకటి. నా సాఫ్ట్‌వేర్లు రెండూ విండోస్ ఎక్స్‌పీ కాలం నాటివి. కంప్యూటర్ రెండుసార్లు మారింది గానీ అవి మారలేదు. మార్చడం మాటలు కాదు. పాత ఫైళ్లన్నీ, ఇప్పుడు అంతటా వాడే యూనికోడ్‌లో కాకుండా, ఆ సాఫ్ట్‌వేర్ల ఫాంట్లలోనే ఉన్నాయి, ప్రెస్సు వాళ్లూ అవే అడుగుతారు.

పోయిన ఏడాది మాఘమాసంలో ఒక పార్టీ వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చారు. అందులో ఫొటోల ఫోల్డర్ ఉంది. డబుల్ క్లిక్ చేశాను. తెర చీకటి పడింది. యెస్ కొట్టాను. ఫోల్డర్ తెరుచుకుంది, ఫొటోలు కనిపించాయి, పనిలో పడిపోయాను.

ఆ పెట్టె తర్వాత గుర్తొచ్చింది. పైన పట్టీ పసుపు రంగులో ఉంది. అప్పుడు మాది విండోస్ 10. అందులో తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం సరిపోతే నీలం పట్టీ వస్తుంది, ఎవరు చేశారో తేలకపోతే పసుపు. పబ్లిషర్ అన్న చోట అన్‌నోన్ అని ఉంది. అదంతా అటుంచండి. ఆ పెట్టెలో ఉన్న పేరు ఫోల్డర్ పేరే! ఫోల్డర్ తెరవడానికి విండోస్ ఎప్పుడైనా ఇలా పెట్టె పెట్టి యాప్ అంటూ అడుగుతుందా? అడిగిందంటే అది ఫోల్డర్ కాదు, ఫోల్డర్ బొమ్మ తగిలించుకున్న ఈఎక్స్‌ఈ ఫైలు, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రాం. పేరు చివర ఉండే ఆ తోకని విండోస్ మామూలుగా దాచేస్తుంది కాబట్టి బొమ్మ చూసి మోసపోతాం. అసలు ఫోల్డర్‌ని అది వెనక దాచిపెట్టి, మనం నొక్కగానే తన పని కానిచ్చుకుని, ఆ తర్వాత అసలుదాన్ని తెరిచి చూపిస్తుంది. అందుకే అనుమానం రాలేదు.

సాయంత్రానికి నా మిషన్‌లో పెట్టిన ప్రతి పెన్‌డ్రైవ్‌లోనూ ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయాయి. ఆ రోజు ఆరుగురి పెన్‌డ్రైవ్‌లు పెట్టాను. అందులో ఒకటి మా వీధి చివర ఉండే హైస్కూల్ మాస్టారిది. నీలం రంగుది, తాడుకి ఎర్రదారం కట్టి ఉంటుంది. పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు వేసి ఇచ్చాను. ఆ రాత్రి ఆరుగురికీ ఫోన్ చేశాను.

"మాస్టారూ, నేనిచ్చిన పెన్‌డ్రైవ్ దయచేసి ఎక్కడా పెట్టకండి" అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. "సాయంత్రమే బళ్లో పెట్టానమ్మా" అన్నారు. ఒక్క కోపపు మాట అనలేదు. ఆ నెమ్మదికి నాకు ఏడుపొచ్చింది.

అదృష్టవశాత్తూ ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయంతే. గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. ముందు యాంటీవైరస్‌తో నా మిషన్, తర్వాత బడి మిషన్ శుభ్రం చేశాం. ఆ తర్వాత ఒక్కో పెన్‌డ్రైవ్‌కీ కమాండ్ ప్రాంప్ట్‌లో యాట్రిబ్ అనే కమాండ్ ఇచ్చి, దాచిన గుర్తు తీసేసి ఫోల్డర్లు బయటికి తెప్పించాం. రెండు రోజులు పట్టింది. ముహూర్తాల వేళ రెండు రోజులంటే ఎంతో ఈ పనిలో ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

వెళ్లేముందు వాడు, "అత్తా, ఈ పెట్టెలు చిరాగ్గా ఉంటే సెట్టింగ్స్‌లో మీట ఉంది, అట్టడుక్కి లాగేస్తే ఇంక అడగవు" అన్నాడు. నిజమే, ఉంది. విండోస్ 7 వచ్చిన 2009 నుంచి అందులో నాలుగు మెట్లున్నాయి. నా బాధ చూడలేక ప్రేమతోనే అన్నాడు. కానీ నాకు మనసొప్పలేదు. పెట్టె అబద్ధం చెప్పలేదు కదా! పసుపు పట్టీ వేసి, పేరు రాసి, ఎవరిదో తెలియదని చెప్పి మరీ అడిగింది. చదవంది నేను. అలా చదవకుండా అలవాటు పడటానికి కారణం అది మరీ ఎక్కువసార్లు రావడం. అంటే నోరు మూయించాల్సింది పెట్టెని కాదు, దాన్ని ఊరికే లేపుతున్న వాటిని.

ఈ పెట్టె పేరు యూజర్ అకౌంట్ కంట్రోల్. 2007లో విండోస్ విస్టాతో జనంలోకి వచ్చింది. అంతకుముందు ఎక్స్‌పీలో ఇంటి కంప్యూటర్ వాడేవాళ్లం దాదాపు అందరం అడ్మినిస్ట్రేటర్లమే. ఏ ప్రోగ్రాం నడిపినా దాని చేతిలో ఇంటి తాళం, బీరువా తాళం రెండూ పెట్టినట్టే. విస్టా నుంచి అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయినా మన పనులు ఇంటి తాళంతోనే నడుస్తాయి. బీరువా తెరవాల్సి వస్తే, అంటే కంప్యూటర్‌లోనే మార్పులు చేయాల్సి వస్తే, అడుగుతుంది. తెర మసకబారడం కూడా సోకు కాదు. మామూలు ప్రోగ్రాంలు చేరలేని వేరే తెర మీద ఆ ప్రశ్న వేస్తుంది, మన బదులు ఇంకో ప్రోగ్రాం యెస్ నొక్కకుండా. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కంప్యూటర్ల భద్రత మీద జరిగిన ఆర్‌ఎస్‌ఏ సదస్సులో మైక్రోసాఫ్ట్ మేనేజరు ఒకాయన, వాడేవాళ్లని విసిగించడానికే దీన్ని పెట్టామని బాహాటంగానే చెప్పాడు. జనం విసుక్కుంటే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు దారికొస్తారని, అనవసరంగా బీరువా తాళం అడగడం మానేస్తారని వాళ్ల ఆలోచన. కొత్తగా రాసినవి చాలావరకు మానేశాయి. నా దగ్గరున్నవి అంతకు ముందువి.

పాత రూళ్ల పుస్తకం ఒకటి తీసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. ఆరు రోజులు, పెట్టె వచ్చినప్పుడల్లా పేరు రాసి గీత గీశాను. మొత్తం 61. పేజీల సాఫ్ట్‌వేర్, కీబోర్డు సాఫ్ట్‌వేర్ కలిపి 44. ప్రింటర్ అప్‌డేట్ తాలూకుది 12. మిగతావన్నీ కలిపి 5. అసలు చదవాల్సినవి ఆ అయిదే. వాటిని 56 పెట్టెల కింద నేనే పూడ్చేశాను.

ప్రింటర్‌ది తేలిక. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితాలో దాన్ని ఆపేశాను. అప్‌డేట్ ఉందేమో నెలకోసారి నేనే వెళ్లి చూసుకుంటాను.

మిగతా రెండింటితో ఆదివారం మొత్తం గడిచింది. ఎప్పుడో ఒకసారి కీబోర్డు సాఫ్ట్‌వేర్ పెట్టె ఏదీ రాకుండానే, మామూలు హక్కుతో తెరుచుకుంది. అప్పుడు నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా వస్తోంది, పేజీల సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలే పడుతున్నాయి. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేయించాను కూడా. ఇన్నేళ్లకి తెలిసింది దాని కథ. తక్కువ హక్కుతో నడిచే ప్రోగ్రాం, ఎక్కువ హక్కుతో నడిచే ప్రోగ్రాం కిటికీలోకి అక్షరాలు పంపడానికి విండోస్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఏ చిల్లర ప్రోగ్రామైనా మనలాగే మీటలు నొక్కేసి పెద్ద పనులు చేయించుకుంటుంది. నా పేజీల సాఫ్ట్‌వేర్ బీరువా తాళంతో నడుస్తోంది కాబట్టి కీబోర్డు సాఫ్ట్‌వేర్‌కీ అదే తాళం కావాల్సి వచ్చింది. మొదటిదాన్ని కిందికి దించితే రెండోదీ దిగుతుంది.

షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ అన్న చోట చూస్తే "రన్ దిస్ ప్రోగ్రాం యాజ్ యాన్ అడ్మినిస్ట్రేటర్" ముందు టిక్ ఉంది. ఎప్పుడో ఇన్‌స్టాల్ చేసినబ్బాయి పెట్టిపోయాడు. తీసేశాను. తెరుచుకుంది గానీ మూసేటప్పుడు తప్పు చూపించింది. ఆ పాత సాఫ్ట్‌వేర్ తన సెట్టింగ్స్‌ని తన సొంత ఫోల్డర్‌లోనే రాసుకుంటుంది. ఆ ఫోల్డరేమో ప్రోగ్రాం ఫైల్స్ లోపల ఉంది. అక్కడ రాయడానికి మామూలు ఖాతాకి హక్కుండదు. తీసేసి డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్ చేసి అందులో ఇన్‌స్టాల్ చేశాను. అక్కడ మా ఖాతాకి రాసుకునే హక్కు ఉందో లేదో సెక్యూరిటీ అన్న చోట చూసుకున్నాను. కీబోర్డు సాఫ్ట్‌వేర్ టిక్ కూడా తీసి, మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను.

రెండూ తెరిచాను. తెర వెలుగుతూనే ఉంది. కొత్త పేజీ తీసుకుని, ఏ పెళ్లికార్డుకైనా పైన వేసే మాటలే కొట్టాను. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. తెలుగులోనే పడ్డాయి. వంటింట్లో ఉన్న మావారిని పిలిచి చూపించాను.

తర్వాత ఇంకొకటి చేశాను, ఇది ఇంట్లో కంప్యూటర్ ఉన్న ప్రతివాళ్లూ చేయాలని నా కోరిక. రోజూ వాడే ఖాతాని స్టాండర్డ్ ఖాతాగా మార్చి, అడ్మినిస్ట్రేటర్‌కి విడిగా ఖాతా పెట్టాను. ఇప్పుడు పెట్టె వస్తే యెస్ కొడితే సరిపోదు, ఆ ఖాతా పాస్‌వర్డు కొట్టాలి. అంతసేపు కొట్టేలోపు కళ్లు పేరు మీద పడతాయి. నేను చూసేవి పేరు, పట్టీ రంగు. వాటికన్నా ముందు, నేను ఇప్పుడు ఏమైనా తెరిచానా అన్నది. ఏమీ చేయకుండా ఊరికే వచ్చి అడిగితే నో. నో కొడితే కొంప మునగదు, నిజంగా అవసరమైతే మళ్లీ అడుగుతుంది.

శ్రావణంలో ఒకరోజు పిండి కలుపుతున్నాను. "ఇదిగో, పాస్‌వర్డు చెప్పు" అని గదిలోంచి మావారు కేకేశారు. వెళ్లి చూస్తే ఒక చేత్తో ఫోను, బ్యాంకు నుంచట, కేవైసీ అట, ఏదో డౌన్‌లోడ్ చేయమన్నారట. తెర చీకటిగా ఉంది. దూరం నుంచి మన కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ అది. పట్టీ నీలమే! సంతకం అసలుదే, కంపెనీ అసలుదే. ఫోన్లో ఉన్నవాడు దొంగ. పట్టీ ఆ సంగతి చెప్పదు. పిండి చేత్తోనే ఫోను తీసుకుని కట్ చేసి, నో కొట్టాను. డబ్బేమీ పోలేదు. అయినా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేసి ఆ నంబరు చెప్పాం. అలాంటి సాఫ్ట్‌వేర్లు కొన్ని ఏ పాస్‌వర్డూ అడక్కుండానే నడిచిపోతాయని తర్వాత తెలిసి ఒళ్లు జలదరించింది. నా ఫైళ్ల సంగతీ అంతే. నా పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామైనా నా ఫైళ్లు చదవడానికి, చెరపడానికి ఈ పెట్టె అడ్డం రాదు. అది కాపలా కాసేది బీరువాకి, గదికి కాదు. అందుకే ఆదివారం ఆదివారం బయటి హార్డ్‌డిస్క్‌లోకి అన్నీ కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెడుతున్నాను.

ఫైళ్ల పేర్ల తోకలు కూడా ఇప్పుడు కనిపించేలా పెట్టుకున్నాను. రూళ్ల పుస్తకంలో ఈ నెల పేజీలో నాలుగు గీతలున్నాయి, నాలుగింటి పక్కనా పేరు రాసి ఉంది.

నిన్న సాయంత్రం మాస్టారొచ్చారు. ఈ ఏడాది ప్రీఫైనల్ పేపర్లు. చేతిరాత కాగితాలు బల్ల మీద పెట్టి, జేబులోంచి ఎర్రదారం కట్టిన ఆ నీలం పెన్‌డ్రైవే తీసి నా చేతికిచ్చారు.