పొందూరులో దిగాక ఉండే ముప్పావుగంట

విజయనగరంలో మా ఇల్లు. పొందూరు దగ్గర హైస్కూల్లో సైన్సు టీచర్‌ని. రోజూ పాసింజరులో వెళ్లొస్తాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, ఆ తర్వాత పొందూరు. ఇది హౌరా నుంచి చెన్నై వెళ్లే మెయిన్ లైను కాబట్టి వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే మా బండిని ఏదో ఒక స్టేషన్లో పక్క లైన్లో పెట్టేస్తారు. అందుకే సరిగ్గా బెల్లు వేళకి చేర్చే బండిని నమ్ముకోలేం, ముందు బండే ఎక్కాలి. అది టైముకి నడిచిందంటే ప్రార్థనకి ముప్పావుగంట ముందే బడిలో ఉంటాను. ఈ పోస్టు ఆ ముప్పావుగంట గురించి.

టైమ్ ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్లు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నారు. పొద్దున్నే నాలుగింటికి లేవండి, జీవితం మారిపోతుంది అంటారు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకి ఆ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. మా అమ్మ నాలుగింటికే లేచేది, నేనూ లేస్తున్నాను. లేచినంత మాత్రాన ఆ వేళ మనదైపోదు. అది పొయ్యిది, కుళాయిది, క్యారేజీలది. నా అనుభవంలో టైమ్ మిగల్చుకోవడం ఒక ఎత్తు, మిగిలినదాన్ని ఫలానా వాళ్లకని పేరు పెట్టి రాసిచ్చెయ్యడం ఇంకో ఎత్తు. పట్టా లేని పొలాన్ని ఎవరు పడితే వాళ్లు దున్నుకున్నట్టు, పేరు లేని గంటని ఎవరో ఒకరు వచ్చి వాడేసుకుంటారు. ఫోను వాడేసుకుంటుంది, స్టాఫ్ రూములో డీఏ బకాయిల చర్చ వాడేసుకుంటుంది.

నా ముప్పావుగంట చదవడం రాని పిల్లలకి రాసిచ్చాను.

ఆరో తరగతికి వచ్చిన పిల్లల్లో కొందరికి ఇంకా ఒత్తులు రావు. ‘కిరణజన్య సంయోగక్రియ’ అని బోర్డు మీద రాస్తే వాళ్లు బోర్డు వైపు చూడరు, నా నోటి వైపు చూస్తారు. నేను ఏమంటే అది పట్టుకుని అప్పజెప్పేస్తారు. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి అక్షరాలు బొమ్మల్లా దింపేస్తారు. తెలివి లేక కాదు. మేక ఈనితే ఏం చెయ్యాలో తెలుసు, మడికి నీళ్లు ఎటునుంచి కట్టాలో తెలుసు. చదవడం ఒక్కటే మధ్యలో ఎక్కడో తెగిపోయింది, ఎవరూ కూర్చుని ముడి వెయ్యలేదు. అలాంటి పిల్లకి ఆకు గురించి, పత్రహరితం గురించి ఎంత బాగా చెప్పినా అది చెవి దాటి లోపలికి పోదని నాకు గట్టిగా అనిపిస్తుంది. సిలబస్ అయిపోవాలన్న టెన్షన్ అందరికీ ఉంటుంది, నాకూ ఉంది. కానీ చదవడం వస్తేనే మిగతావన్నీ.

పద్ధతి చాలా మామూలుది. వేప చెట్టు కింద కూర్చుంటాం. ఒక్కొక్కరు నాలుగైదు లైన్లు, వేలు పెట్టి, గట్టిగా చదవాలి. ఆగిపోతే నేను వెంటనే అందించను. పిల్ల పెదాలు కదులుతున్నంతసేపు ఆగుతాను. పక్కవాళ్లని నవ్వనివ్వను, ఈ ఒక్క విషయంలో నేను చాలా కఠినం. మొదట అమ్మ, అక్క, అత్త లాంటివి, అంటే ఏ అక్షరానికి ఆ ఒత్తే వచ్చేవి. అవి నలిగాక మన ఊళ్ల పేర్లు. రణస్థలం, ఎచ్చెర్ల, శ్రీముఖలింగం, నెల్లిమర్ల. బస్సు బోర్డుల మీద చూసిన పేర్లు, చుట్టాలున్న ఊళ్లు. తెలిసిన ఊరు కాబట్టి సగం చదివేసరికి మిగతా సగం నోటికి వచ్చేస్తుంది, వచ్చాక వెనక్కి తిరిగి ఆ ఒత్తుని మళ్లీ చూసుకుంటారు. ఆ చూసుకోవడంలోనే అక్షరం నిలుస్తుంది. ఒక అమ్మాయి ఇప్పుడు ఆమదాలవలస వెళ్లే ఆటోలో కనబడిన ప్రతి బోర్డూ పైకి చదువుతోందని, పక్కవాళ్లు విసుక్కుంటున్నా ఆపట్లేదని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఒక అబ్బాయి మాత్రం వచ్చేవాడు కాదు. ఎందుకు రావట్లేదో కనుక్కుందామని సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్నమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది.

పొందూరు ఖద్దరు గురించి తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ నూలు వెనక ఎంత పని ఉందో చూసినవాళ్లు మాత్రం ఎక్కువమంది ఉండరు. కొండపత్తిని ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకుండే సన్నని పళ్లు దువ్వెనలా పనిచేసి పత్తిలో చెత్తనీ నలకల్నీ లాగేస్తాయి. తర్వాత గింజ తీయడం, దూదిని ఏకడం, ఏకులు, అంటే వడకడానికి సన్నని దూది చుట్టలు, చుట్టడం. ఆ ఏకుల్ని ఎండిన అరటి బొప్పలో పెట్టుకుని వడుకుతారు. వడికేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇంత పనీ ఇంటిపనుల మధ్యనే జరుగుతుంది.

నూలుకి నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. నూరో నంబరు నూలు అంటే లెక్క ఇది: 840 గజాల చిలపలు, అంటే నూలు చుట్టలు, నూరు కలిపితే ఒక పౌను బరువు తూగాలి. అంటే అరకిలోకి కాస్త తక్కువ నూలు, పొడవు 84 వేల గజాలు, సుమారు 77 కిలోమీటర్లు. విజయనగరం నుంచి విశాఖపట్నం 60 కిలోమీటర్లు ఉంటుంది. ఆ దూరాన్ని దాటిపోయేంత దారం ఒక్క మనిషి చేతివేళ్ల మధ్య నుంచి రావాలి. ఈ లెక్క నేను తొమ్మిదో తరగతి పిల్లల చేత బోర్డు మీద వేయించాను. వాళ్లలో కొందరి ఇళ్లల్లోనే రాట్నం ఉంది, ఆ దారం అంత పొడవని వాళ్లెవరూ అనుకోలేదు.

రోజంతా ఇలాగే కూర్చుంటావా మామ్మా అని అడిగాను.

“రోజంతా ఏటి తల్లీ, అన్నం వండీసి, గుంటల్ని బడికి తోలీసి కూకుంతాను. ఎండెక్కితే దారం తెగిపోద్ది, అప్పుడు లేచిపోతాను. మళ్లీ సల్లబడ్డాక కూకోడమే” అంది.

ఎప్పుడు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆమెకి ఏ చార్టూ అక్కర్లేదు. ఎండా, దారమూ చెబుతాయి. కూర్చున్న ఆ కాసేపూ చూపు దారం మీంచి కదలదు. నాతో మాట్లాడుతున్నంతసేపూ చెయ్యి ఆగలేదు, నా ముఖం వైపు ఒక్కసారి చూసి ఉంటుందేమో.

మనవడి సంగతి అడిగితే పొద్దున్నే పాల కేంద్రానికి పాలు పోసేది వాడేనని చెప్పింది. అక్కడ వరస ఉంటుంది, వాడు తిరిగొచ్చేసరికి బెల్లు కొట్టేస్తారు. నేను చదువు సంగతి చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అయితే పాలు నాను పోసొత్తాను, ఆడ్ని నీకాడికి తోల్తాను” అంది. అంటే ఎండెక్కక ముందు ఆమె రాట్నం ముందు కూర్చునే వేళలోంచి ఒక ముక్క కోసి మనవడికి ఇచ్చింది. వడికినదాన్ని బట్టి కూలి వచ్చే మనిషి ఇచ్చిన వేళ అది. వాడు ఇప్పుడు రోజూ వస్తున్నాడు. వాడికి చెప్పేటప్పుడు ఒక్క నిమిషం కూడా వృథా చెయ్యబుద్ధి కాదు నాకు.

మా ఇంట్లోనూ అంతే జరిగింది. ముందు బండి ఎక్కాలంటే ఇంకాస్త పెందరాళే బయల్దేరాలి, మరి వంట? మా ఆయనతో కూర్చుని మాట్లాడాను. అన్నం, క్యారేజీలు సర్దడం ఆయన తీసుకున్నారు. అత్తయ్య కూరగాయలు రాత్రే తరిగి పెడతారు. అడగకుండా ఇవి జరిగేవి కావు. ఆడవాళ్లు టైమ్ సర్దుకోవాలని చెప్పేవాళ్లు ఈ భాగం ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు. సర్దుకోవడానికి ఒక్కరి రోజులో అంత చోటు ఉండదు. ఇంట్లో ఇంకొకరు ఒక పని తీసుకోవాలి. అక్కచెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకటే చెబుతాను: నాకు టైమ్ లేదు అనకండి, ఫలానా వేళ ఫలానా పనికి నాకు కావాలి, దానికి మీరు ఈ పని చెయ్యండి అని విడమరిచి అడగండి. విడమరిచి అడిగినప్పుడు ఇంట్లోవాళ్లు కాదనడం అంత తేలిక కాదు.

ఏటా ఆగస్టు 29న బడిలో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు రామమూర్తి గారి ఫొటోకి దండ వేసి, వ్యావహారిక భాష గురించి మాట్లాడి, పిల్లలకి చాక్లెట్లు పంచుతాం. ఆయన మన శ్రీకాకుళం జిల్లా మనిషి, 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడతో కలిసి చదువుకున్నారు. 1880లో, పదిహేడేళ్లకే, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. మన పాతపట్నం దాటితే వచ్చేదే ఆ ఊరు. పిల్లలకి మేం చెప్పకుండా వదిలేస్తున్నది తర్వాతి భాగం. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవర గిరిజనులతో మాట్లాడాలని, వాళ్ల పిల్లలకి వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆయన సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషకి అప్పటికి పుస్తకం లేదు, నేర్పే బడి లేదు. ఆ మాట తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, బడిపని అయ్యాక ఒక్కో మాటా రాసుకున్నారు. కొండల్లో తిరిగి మన్యం జ్వరం తెచ్చుకున్నారు, దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి లెక్కేస్తే యాభై ఏళ్లు దాటిన పని.

నాలాంటి టీచరుకి ఆయన గొప్పతనంలో నన్ను పట్టుకునేది ఈ భాగమే. ఆయనకీ బెల్లు ఉంది, క్లాసులున్నాయి, ఇల్లుంది. సాయంత్రాలు ఎవరికి ఇవ్వాలో మాత్రం ఆయనకి స్పష్టంగా తెలుసు. ఈసారి ఆగస్టులో పిల్లలకి దీని గురించే చెబుదామనుకుంటున్నాను. మా బడికి సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర పిల్లలెవరైనా ఉంటే వాళ్ల చేతే రెండు మాటలు చెప్పించాలని ఉంది.

ఇదంతా చదివి ఈవిడ ప్రతి నిమిషాన్నీ పనితో నింపేస్తుందేమో అనుకోకండి. తిరుగు బండిలో నేను పేపర్లు దిద్దను. పుస్తకం కూడా తియ్యను. గరివిడిలో ఎక్కే ఇద్దరు స్నేహితురాళ్లతో కబుర్లు, వాళ్లు రాని రోజు కిటికీ. నెల్లిమర్ల దగ్గర చంపావతి దాటుతుంటే ఏట్లో నీళ్లున్నాయా లేవా అని చూస్తాను. పైడితల్లమ్మ సిరిమాను పండగకి, అదే దసరా తర్వాత వచ్చే మంగళవారం, మా ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. ఆ రెండు మూడు రోజులు ఇంటికి వచ్చినవాళ్లవి. అప్పుడు ఎవరైనా బడి మాట ఎత్తితే నేనే మాట మార్చేస్తాను.

ఇప్పుడు నా ముందున్న చిక్కు వేసవి సెలవులు. నెలన్నర పైన పుస్తకం ముట్టకపోతే కొత్తగా వచ్చిన చదువు జూన్‌కి సగం పోతుంది, ప్రతి టీచరుకీ తెలిసిన సంగతే. నేను రోజూ రాలేను. అందుకని తొమ్మిదో తరగతి పిల్లలు కొందరిని అడిగాను, ఒక్కొక్కరూ ఇద్దరేసి చిన్నపిల్లల్ని తీసుకుంటామన్నారు. ఎండెక్కక ముందు గంటసేపు. కూర్చోవడానికి ఆ నాన్నమ్మ తన ఇంటి అరుగు ఇస్తానంది, ఆ పక్కనే తను వడుక్కుంటుంది. పుస్తకాలే తక్కువగా ఉన్నాయి. పెద్ద అక్షరాలతో, బొమ్మలతో, లైన్ల మధ్య కాస్త ఎడం ఉండే తెలుగు కథల పుస్తకాలు కావాలి. మీ పిల్లలు పెద్దవాళ్లైపోయి అలాంటివి అటక మీద ఉంటే దించండి, మీ ఊరి బడికే ఇవ్వండి. అక్కడా ఒత్తుల దగ్గర ఆగిపోయిన పిల్లలు ఉంటారు.