ఓ-1 దగ్గర ఇరవై నిమిషాలు

అత్తయ్యగారి మాత్రలు, చిన్నదాని రేపటి యూనిఫారం, అన్నీ అయ్యాక కూడా నిద్ర పట్టడం లేదు. పొద్దుటి నుంచి ఒకే మాట చెవిలో తిరుగుతోంది: "వదిలేయండి మేడమ్, ఆ ఛానెల్ తర్వాత తీసేసి పక్కవాటి నుంచి లెక్క కట్టుకుందాం."

ఈ రోజు వాలంటీరుగా వచ్చినావిడ అనంతపురం వైపువారు, యాభై దాటినవారు. మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ టోపీ పెట్టి, మొద్దు సూదితో జెల్ ఎక్కిస్తే, తలమీది 31 ఎలక్ట్రోడ్లలో 30, చర్మం దగ్గర విద్యుత్ నిరోధంలో చక్కగా 10 కిలో ఓమ్‌ల లోపుకు దిగాయి. తల వెనక ఎడమవైపున ఉండే ఓ-1 అనే ఛానెల్ మాత్రం 40 దగ్గరే ఆగిపోయింది. పాయ తీసి చూస్తే, జుట్టు కుదుళ్ల దాకా కొబ్బరినూనె పట్టి ఉంది.

అప్పుడు అన్నాడు మా పరిశోధక విద్యార్థి ఆ మాట. కళ్లు మూసుకోగానే సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా తరంగం బాగా కనిపించేది తల వెనకే, మా అధ్యయనం మొత్తం ఆ ఆల్ఫా హెచ్చుతగ్గుల మీదే నడుస్తోంది. మెదడులో ఎక్కడ మార్పు వచ్చిందో అయస్కాంత స్కాన్ అయిన ఎఫ్‌ఎంఆర్‌ఐ మిల్లీమీటర్లలో చూపిస్తుంది గాని, రక్తప్రవాహంలో మార్పు ద్వారా చూపిస్తుంది కాబట్టి ఆ సంకేతం పతాకస్థాయికి చేరడానికే ఐదారు సెకన్లు పడుతుంది. ఎప్పుడు వచ్చిందో ఈఈజీ మిల్లీసెకన్లలో పట్టుకుంటుంది గాని, చోటు సరిగా చెప్పలేదు. ఇంత శ్రమపడి రెండింటినీ ఒకేసారి తీసేది అందుకే కదా! పక్క ఎలక్ట్రోడ్ల నుంచి లెక్కకట్టిన ఓ-1తో ఆ శ్రమ ఎలా తీరుతుంది?

ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా సీనియర్ నా తలకే టోపీ పెట్టి 3 టెస్లా ఎంఆర్‌ఐ యంత్రంలోకి పంపారు. బయటికి వచ్చాక చూస్తే, స్కాన్ ఇంకా మొదలుకాని ఆ మొదటి నిమిషాల్లోనే గీతలన్నీ ఒకే లయలో ఎగిరెగిరి పడుతున్నాయి. మెదడును చూస్తున్నానని మురిసిపోతుంటే, ఆయన నా మణికట్టు పట్టుకుని నాడి చూసుకోమన్నారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ తల వెంట్రుకవాసి కదులుతుంది, అంత అయస్కాంత క్షేత్రంలో ఆ కదలికే ఎలక్ట్రోడ్లలో వోల్టేజి పుట్టిస్తుంది. స్కాన్ మొదలైతే ఇక చెప్పనక్కరలేదు: మెదడు సంకేతం పదుల మైక్రోవోల్టులైతే, గ్రేడియెంట్ల (స్కాన్ కోసం యంత్రం చకచకా మార్చే అయస్కాంత క్షేత్రాల) రొద వేలల్లో ఉంటుంది. అది ప్రతిసారీ ఒకేలా వస్తుంది కాబట్టి సగటు కట్టి తీసేయవచ్చు, గుండె జాడ మాత్రం అంత తేలికగా పోదు. ఆ సాయంత్రం కుంకుడుకాయతో మూడుసార్లు రుద్దుకుంటే గాని జెల్ వదలలేదు. సాఫ్ట్‌వేర్ మీదికి ఎంత తక్కువ నెడితే అంత మంచిదన్న పట్టుదల నాకు ఆ రోజు నుంచే వచ్చింది.

కాబట్టి ఈ రోజు కూడా వదల్లేదు. స్పిరిట్ దూదితో తుడిచి, మళ్లీ జెల్ పెట్టి, మళ్లీ తుడిచి, ఇరవై నిమిషాలకు 9కి దించాను. ఆవిడ కళ్లు మూసుకోగానే ఓ-1 గీత మీద ఆల్ఫా నిండుగా వచ్చింది, చూడముచ్చటగా ఉంది.

కాని స్కాన్ సగం దాటాక తల కదలికలను చూపే పట్టీ 3 మిల్లీమీటర్లు దాటింది. చివరి పది నిమిషాల డేటా పనికిరాదు, అందులో నేను బాగుచేసిన ఓ-1 కూడా ఉంది. టోపీ తీస్తుంటే ఆవిడ మెల్లగా అన్నారు: "మెడ పట్టేసిందమ్మా. చెప్తే మీ పని చెడిపోతుందని ఊరికే ఉంటిని."

కుర్చీలో ఇరవై నిమిషాలు మెడ వంచి కూర్చోబెట్టింది నేనే. ఆ అబ్బాయికి ఛానెల్ మీద శ్రద్ధ లేదనుకుని రోజంతా లోలోపల ఉడికిపోయాను. అతను చూసింది ఆవిడ ముఖాన్నేమో. అయినా ఓ-1 విషయంలో అతని మాట ఒప్పుకోలేను. ఆవిడను లేపి, కాసేపు నడిపించి, టీ ఇచ్చి, ఆ తర్వాత మొదలుపెట్టి ఉంటే రెండూ దక్కేవి. యంత్రం బుక్ చేసిన గంట దాటిపోతుందన్న భయంతో అది నాకు తోచలేదు.

నూనె ఎందుకు రాసుకున్నారని అడిగితే, పెద్ద ఆసుపత్రికి వెళ్తూ తల చింపిరిగా ఉంటే బాగుండదని చక్కగా నూనె పెట్టి జడ వేసుకుని వచ్చానన్నారు. వద్దని మేము పంపిన కాగితంలో ఉంది, నాలుగో పేరాలో, ఇంగ్లీషులో.

ఆవిడ శుక్రవారం మళ్లీ వస్తారు. కాగితం తెలుగులో రాస్తున్నాను. "ముందురోజు తలస్నానం చేయండి, నూనె రాసుకోకండి" అన్నది మొదటి వాక్యం. "మధ్యలో మెడ నొప్పి పుడితే చేతిలోని గంట నొక్కండి, ఆపుతాం, మా పని ఏమీ చెడిపోదు" అన్నది రెండోది.