రెండు బ్యాండ్లకు ఒకే తీగ: లింక్ డైపోల్ కట్టిన అనుభవం

వీపు సంచిలో పట్టాలి, 40 మీటర్ల బ్యాండ్‌లోనూ 20 మీటర్ల బ్యాండ్‌లోనూ ట్యూనర్ (యాంటెన్నాను రేడియోకు సరిపుచ్చే పెట్టె) లేకుండా పనిచేయాలి. నా హామ్ రేడియోకు కట్టే కొత్త యాంటెన్నాకు నేను పెట్టుకున్న షరతులు ఇవే. ఒక చివర నుంచి ఫీడ్ చేసే అర్ధతరంగ తీగతోనూ ఈ పని అవుతుంది. కానీ దానికి సాధారణంగా రేడియో నుంచి వచ్చే ఫీడ్ కేబుల్ పైపొరే కౌంటర్‌పాయిజ్‌గా, అంటే యాంటెన్నాకు రెండో సగంగా, పనిచేస్తుంది. కేబుల్ నేల మీద ఎలా పడితే కొలతలు అలా మారుతుంటాయి. ఒకసారి సరిచేస్తే ఎక్కడ కట్టినా అదే తీరుగా ఉండే యాంటెన్నా నాకు కావాలి. అందుకే లింక్ డైపోల్‌కే ఓటు వేశాను: మధ్యలో కేబుల్ తగిలించి ఇరువైపులా చాచిన తీగ డైపోల్, దాని పొడవు మార్చడానికి విప్పి కలిపే జోడింపు లింకు.

లెక్క చిన్నదే. 143ని మెగాహెర్ట్జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే డైపోల్ మొత్తం పొడవు సుమారుగా మీటర్లలో వస్తుంది. 20 మీటర్ల బ్యాండులోని 14.1కి 10.14 మీటర్లు, 40 మీటర్ల బ్యాండులోని 7.1కి 20.14. మధ్య నుంచి ఇరువైపులా అయిదేసి మీటర్ల దగ్గర తీగను తెంచి లింకు పెడితే, విడదీసినప్పుడు 20 మీటర్ల బ్యాండు, కలిపినప్పుడు 40. తీగగా 0.2 చదరపు మిల్లీమీటర్ల మెత్తని పోగుల వైరు తీసుకున్నాను. 20 మీటర్ల తీగలో ఉన్న రాగి బరువు 36 గ్రాములే.

ఎక్కువ శ్రద్ధ పెట్టింది లింకు మీద. రెండు రంధ్రాలున్న చిన్న ప్లాస్టిక్ పలకకు చెరో వైపునుంచి తీగ దూర్చి ముడి వేశాను. ముడి దాటాక వదులుగా మిగిలిన కొసలకు 2 మిల్లీమీటర్ల బుల్లెట్ కనెక్టర్లు టంకం వేశాను. లాగుడంతా ముడి మీదే పడాలి, కనెక్టరు మీద పడకూడదు. టంకం పీల్చుకున్న పోగులు గట్టిపడి, సరిగ్గా ఆ టంకం ఆగిన చోటే విరుగుతాయి. కాబట్టి వేడికి బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టాన్ని ఆ చోటు దాటి ఒక సెంటీమీటరు ముందుకు తొడిగాను.

అసలు పని ట్యూనింగ్‌లో ఉంది. ముందు పై బ్యాండు (20 మీటర్లు), తర్వాతే కింది బ్యాండు (40 మీటర్లు). లోపలి ముక్క మారితే రెండు బ్యాండ్లూ కదులుతాయి, బయటి ముక్క పొడవు ప్రధానంగా 40 మీటర్లనే కదుపుతుంది. ఇంకో సంగతి: 20 మీటర్లకు సరిచేసేటప్పుడు కూడా బయటి ముక్కలు, లింకు విడదీసి ఉన్నా, వాటి చోట కట్టే ఉండాలి. పక్కనే వేలాడే ఆ తీగ కొంత కెపాసిటెన్స్ చేర్చి అనునాదాన్ని, అంటే యాంటెన్నా సహజంగా స్పందించే పౌనఃపున్యాన్ని, కిందికి లాగుతుంది.

వాడబోయే ఎత్తులోనే, మధ్యను గడకర్ర మీద ఎత్తి కొసలను కిందికి వాల్చే అదే తలకిందుల వి ఆకారంలో నిలబెట్టి, నానోవీఎన్‌ఏ అనే చిన్న కొలత పరికరంతో చూశాను. ఇరువైపులా 5.20 మీటర్లతో మొదలుపెడితే అనునాదం 13.5 మెగాహెర్ట్జ్ దగ్గర కనిపించింది. 5.20ని 13.5తో గుణించి 14.1తో భాగిస్తే 4.98. అంటే చెరో వైపు 22 సెంటీమీటర్లు తగ్గాలి. వెంటనే కత్తిరించకుండా కొసను వెనక్కి మడిచి తీగకే బిగుతుగా చుట్టాను. మడత అచ్చంగా కోతతో సమానం కాదు గానీ చాలా దగ్గరగా వస్తుంది. ఈ బ్యాండులో చెరో సెంటీమీటరు తగ్గిస్తే 28 కిలోహెర్ట్జ్ పైకి జరుగుతుంది. 40 మీటర్లలో చెరో పది సెంటీమీటర్లకు 70 కిలోహెర్ట్జ్.

ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత బాగా సరిపోయిందో చెప్పే నిష్పత్తి) 1.5కు దిగగానే ఆపేశాను. అక్కడ వెనక్కి వచ్చే శక్తి 4 శాతమే. దాన్ని 1.1 చేయాలని కూర్చుంటే దక్కేది అంకె తప్ప సిగ్నల్ కాదు.

బరువు దించాల్సింది తీగలో కంటే కేబుల్‌లోనే. ఆర్‌జీ-58 రకం కేబుల్ కంటే సన్నని ఆర్‌జీ-174 దాదాపు మూడు రెట్లు తేలిక. పది మీటర్ల ఆర్‌జీ-174, 14 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు ఒక డెసిబెల్, అంటే శక్తిలో అయిదో వంతు తింటుంది. అవతలివాళ్ల సిగ్నల్ మీటరులో ఒక గీత, అంటే ఒక ఎస్ యూనిట్, ఆరు డెసిబెల్స్ కాబట్టి ఆ నష్టాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాను. అదే కేబుల్‌ను, యాంటెన్నా మధ్యలో అది తగిలే చోట, 43 రకం ఫెరైట్ రింగు మీద డజను చుట్లు చుడితే చోక్ (కేబుల్ పైపొర మీద పారే కరెంటును అడ్డుకునేది) కూడా అయిపోయింది.

బ్యాండు మార్చాలంటే గడకర్రను దించి లింకులు కలపాలి, ఇందులో తప్పించుకోలేని అసౌకర్యం అదొక్కటే. అందుకే ముందు 20 మీటర్లలో పని ముగించి, పొద్దు వాలాక 40కి కలుపుతున్నాను. ఆ వేళకు సమీప స్టేషన్లతో పాటు దూరపువీ ఆ బ్యాండులో వినిపించడం మొదలవుతుంది.