నాలుగు గ్రో లైట్లు, ఒక్క కంట్రోలర్: ఇప్పటిదాకా జరిగిన పని

మొక్కలు పెంచే నాలుగు అరల రాక్, అరకో ఎల్‌ఈడీ లైటు. ఒక్కోదానికి విడిగా డ్రైవర్, అంటే ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు ఇచ్చే పవర్ సప్లై. నాలుగూ మీన్‌వెల్ కంపెనీ హెచ్‌ఎల్‌జీ రకం, మోడల్ పేరు చివర ‘బి’ ఉన్నవే. ‘ఎ’ రకం అయితే డ్రైవర్ మీదున్న చిన్న స్క్రూ తిప్పుకుంటూ కూర్చోవాలి. ‘బి’లో డిమ్మింగ్ (వెలుగు తగ్గించడం, పెంచడం) కోసం రెండు సన్నటి వైర్లు బయటికి వస్తాయి. వాటికి 0–10 వోల్టులు ఇచ్చినా, 10 వోల్టుల పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ అయ్యే సిగ్నల్) ఇచ్చినా, ఊరికే ఒక రెసిస్టెన్స్ తగిలించినా పనిచేస్తుంది.

మొదటి వారం రెసిస్టెన్స్‌తోనే మొదలుపెట్టాను. నాలుగు డ్రైవర్ల డిమ్మింగ్ వైర్లనీ ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి, ఒక 100కే (100 కిలో ఓంల) పొటెన్షియోమీటర్, అంటే నాబ్ తిప్పితే రెసిస్టెన్స్ మారేది, పెట్టాను. నాబ్ పావు వంతు తిప్పేసరికి లైట్లన్నీ ఫుల్! మిగతా ముప్పావు ఎంత తిప్పినా మార్పు లేదు. నాబ్ పాడైందేమో అనుకుని ఇంకోటి మార్చాను, అదీ అంతే. తప్పు నా లెక్కలో ఉంది. ఒక్కో డ్రైవర్ ఆ వైర్లలోకి సుమారు 100 మైక్రోఆంప్‌లు పంపుతుంది. నాలుగు కలిస్తే 400. ఆ కరెంటుకి 25కే దగ్గరే 10 వోల్టులు వచ్చేస్తాయి. అంటే 100కేని డ్రైవర్ల సంఖ్యతో భాగించాలి. 25కే పెట్టాక నాబ్ చివరిదాకా పనిచేసింది.

కానీ నారు ఉన్న అరలకి తక్కువ వెలుగు, ఎదిగిన మొక్కలకి ఎక్కువ వెలుగు కావాలి. ఉదయం మెల్లగా పెరగాలి కూడా. రోజూ నాబ్ తిప్పే ఓపిక నాకు లేదు.

చేతిలో ఉన్న ఈఎస్‌పీ32 అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డుతో ప్రయత్నించాను. దాని 3.3 వోల్టుల పీడబ్ల్యూఎం నేరుగా ఇస్తే వెలుగు మూడో వంతు దాటలేదు, డ్రైవర్ ఎదురుచూసేది 10 వోల్టులు మరి. మధ్యలో ట్రాన్సిస్టర్ పెడితే రేంజ్ మొత్తం వచ్చింది, కాకపోతే లెక్క తలకిందులైంది: డ్యూటీ (సిగ్నల్ ఆన్‌లో ఉండే వంతు) పెంచితే వెలుగు తగ్గుతుంది. అది కోడ్‌లో సరిచేసుకోవచ్చు. అసలు టెన్షన్ వేరే. బోర్డు రీస్టార్ట్ అయిన ఆ రెండు మూడు సెకన్లూ ట్రాన్సిస్టర్ ఆఫ్‌లో ఉంటుంది, డిమ్మింగ్ వైర్లు తెగినట్టే. వైర్లు ఖాళీగా ఉంటే ఈ డ్రైవర్లు నూటికి నూరు శాతం వెలుగుతాయి. బోర్డు హ్యాంగైతే లేత నారు పరిస్థితి ఏంటి? ఆ బోర్డుని పక్కన పెట్టేశాను.

చివరికి రెండు ఛానెళ్ల (ఒక్కోదానికి రెండు అరలు) 0–10 వోల్టుల కంట్రోలర్ తీసుకున్నాను. యాప్ ఎంత బాగుందో తర్వాత చూడొచ్చు. ముందు నేను చూసింది అది కరెంటుని సింక్ చేయగలదా అని, అంటే డ్రైవర్లు పంపే కరెంటుని తనలోకి తీసుకోగలదా అని. వోల్టేజీ ఇవ్వడం మాత్రమే తెలిసినదైతే లైన్‌ని కిందికి లాగలేదు, లైట్లు తగ్గవు. గోడ మీద ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి మెయిన్స్ డిమ్మర్లు ఈ డ్రైవర్లకి అసలు పనికిరావు.

వైరింగ్‌లో ఒక పొరపాటు చేశాను. రెండో ఛానెల్ ఆన్ చేస్తే రెండు అరలూ మసకగానే ఉన్నాయి. మల్టీమీటర్ పెడితే 10 రావాల్సిన చోట వోల్టు కూడా లేదు. ఒక డ్రైవర్‌కి ప్లస్, మైనస్ తారుమారు చేశాను. అదొక్కటీ పక్కదాన్ని కూడా కిందికి లాగేసింది. తిప్పి కలిపాక సరిపోయింది. డిమ్మింగ్ మైనస్‌ని ఎల్‌ఈడీ మైనస్‌తో కలపొద్దని డేటాషీట్ గట్టిగా చెబుతుంది, అది మాత్రం మొదటినుంచీ పాటించాను.

డిమ్మింగ్‌తో నా లైట్లు పూర్తిగా ఆరట్లేదు, సుమారు 10 శాతం దగ్గర ఆగుతున్నాయి. అందుకే ఆర్పడానికి టైమర్ ప్లగ్ వాడాను. నాలుగూ ఒకేసారి ఆన్ అయ్యేటప్పుడు క్షణకాలం లాగే కరెంటు చాలా ఎక్కువ, మూడో వారంలో ప్లగ్‌లో రిలే (లోపలి స్విచ్) అతుక్కుపోయి రాత్రంతా లైట్లు వెలిగాయి. ఇప్పుడు రెండు ప్లగ్‌లు పెట్టి, ఒకదాని తర్వాత నిమిషానికి రెండోది ఆన్ అయ్యేలా చేశాను.

ప్రస్తుతం నారు ఛానెల్ 35 శాతం, రెండోది 70, రోజుకి 16 గంటలు. పై అర మూలల్లో వెలుగు కొలిచే లక్స్ మీటర్ ఇంకా తక్కువే చూపిస్తోంది. ఈ వారం లైటుని కాస్త పైకి జరిపి మళ్లీ కొలవాలి.