నగ్గర్‌లో ఆ నీలం

మనాలీలో కారు మాట్లాడుకుంటే ముందు ఒక లిస్టు చేతిలో పెడతారు. హిడింబ గుడి, సోలాంగ్, అటల్ టన్నెల్, చివర్లో నగ్గర్. ఆ నగ్గర్‌కి మాకిచ్చింది నలభై నిమిషాలు. అందులోనే పాత రాజుల కోట, అందులోనే రోరిక్ ఇల్లు. కోట దగ్గరే ఉండగా డ్రైవర్ రెండుసార్లు ఫోన్ చేశాడు, "అయిందా సార్" అని. ఒళ్లు మండింది. ఇంతదూరం వచ్చింది ఆ ఇంటికోసమే. లెక్క చూసి డబ్బులిచ్చి పంపేసి, పైకి నడిచాను.

నికొలాయ్ రోరిక్ రష్యా చిత్రకారుడు. 1928లో ఇక్కడ స్థిరపడి, 1947లో కన్నుమూసేదాకా హిమాలయాలు గీస్తూనే ఉన్నాడు. మన వాల్తేరులో పుట్టిన పాతతరం హిందీ సినిమా తార దేవికా రాణి ఆయన కోడలే. ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన బొమ్మలు పుస్తకాల్లో చాలాసార్లు చూశాను గానీ ఆ నీలం ఎప్పుడూ నమ్మలేదు. దగ్గరగా చూస్తే టెంపెరా రంగులు. నూనె రంగుల్లా మెరవవు, పొడిపొడిగా ఉంటాయి. ఒక కొండ వెనక ఇంకో కొండ, కత్తిరించి అతికించినట్టు పదునైన అంచులు. అక్కడున్న వాటిలో చాలావాటిలో మనిషి లేడు.

చిన్నప్పుడు విశాఖలో డ్రాయింగ్ క్లాసులో కొండ గీయమంటే అందరం ఒకటే గీసేవాళ్లం. రెండు త్రిభుజాలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె. బడి మేడ మీదికెక్కితే కళ్లెదుటే యారాడ కొండ, సముద్రంలోకి ముక్కు చాపి. ఒక్కరం కూడా దాన్ని చూసి గీయలేదు. అది మాకు కొండలాగే అనిపించలేదు మరి.

మ్యూజియం నుంచి దిగుతుంటే ఎండ పోయింది. రోడ్డు మలుపులో తలెత్తితే ఉత్తరాన మంచుకొండలు నీలంగా ఉన్నాయి. ఎండ తగలని మంచు మీద ఆకాశపు వెలుగొక్కటే పడుతుంది కాబట్టి అలా కనిపిస్తుందని ఎప్పుడో చదివాను. చదివింది వేరు, ఎదురుగా నిలబడటం వేరు. ఆయన కల్పించలేదు, రోజూ ఇదే చూశాడు. గొంతు పూడుకుపోయింది.

ఫోన్ తీశాను. కింద రేకుల కప్పులు, కరెంటు తీగలు అడ్డొచ్చాయి. జూమ్ చేసి, పక్కకి జరిగి, అవేవీ పడకుండా తీశాను. అచ్చం ఆయన బొమ్మలాగే వచ్చింది.

వీపున గడ్డి బుట్టతో వస్తున్న ఒక పెద్దావిడ గట్టు మీద కూర్చుని హిందీలో అడిగింది, "ఏదీ, చూపించు బేటా". స్క్రీన్ మీద వేలు అటూ ఇటూ జరిపింది. ఏదో వెతుకుతోంది.

"మా ఇల్లు పడలేదే?"

కింద వరసలో మూడో రేకుల కప్పు ఆవిడదట. పక్కన ఆపిల్ చెట్లు కూడా వాళ్లవేనట. కాసేపటి క్రితం నేను పక్కకి జరిగి తప్పించింది సరిగ్గా ఆ కప్పునే. ఆవిడ ఏమీ అనుకోలేదు, నవ్వింది. నాకు మాత్రం చాలా కష్టంగా అనిపించింది.

వెనక్కి నడిచి మళ్లీ తీశాను. రేకులు, తీగలు, ఆరేసిన దుప్పటి, చెట్లు అన్నీ వచ్చాయి. అప్పటికి పైన నీలం సగం పోయింది.