నాన్న సంతకం చాలదన్న చోట

ఇంటర్ మొదటి సంవత్సరంలో విజయవాడలో మేము కలిసిన ఒక వైద్యుడు నా ముఖం వైపు కూడా చూడకుండా, "సెల్‌ఫోన్ లాక్కోండి, అదే తగ్గుతుంది" అని మా నాన్నతో అన్నారు. అప్పటికి నెలల తరబడి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. పళ్లు తోముకోవడానికి లేవాలన్నా ఒళ్లు కదిలేది కాదు. ఎంతో ఇష్టంగా చదివిన జువాలజీలో ఒకే పేరా మీద కళ్లు నిలిపి గంటలు గంటలు కూర్చునేదాన్ని. ఆ వైద్యుడి మాట మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు, ఎందుకంటే దాన్ని నమ్మి ఇంట్లోవాళ్లు మరో వేసవి దాటేదాకా ఆగారు.

జబ్బు పేరు డిప్రెషన్ అని హైదరాబాదులో తేలాక, బి.ఫార్మసీ చదువుతున్న మా అన్నయ్య 'క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా'లో, అంటే మందులనూ చికిత్సలనూ మనుషుల మీద పరీక్షించే పరిశోధనల (ట్రయల్స్) జాబితాలో, వెతకడం మొదలుపెట్టాడు. 2007లో భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో మొదలైన ఈ జాబితాను ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. డిప్రెషన్ అని కొడితే చాలా పరిశోధనలు కనిపిస్తాయి గాని, వాటిలో ఎక్కువ భాగం 18 ఏళ్లు దాటినవారికే. వయసు సరిపోయి, పాల్గొనేవారికి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండి, ఇంకా చేర్చుకుంటున్నవాటిలో మేము వెళ్లగలిగిన ఊళ్లో ఒక ప్రభుత్వాసుపత్రి ట్రయల్ దొరికింది. అందులో అందరికీ డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ మాత్ర ఇస్తారు, సగం మందికి మాత్రం దానితోపాటు వారం వారం సీబీటీ అనే మాటల చికిత్స కూడా ఉంటుంది. 2004లో అమెరికాలో 439 మంది పిల్లలతో చేసిన ట్రయల్లో రెండూ కలిపి తీసుకున్నవారిలో 71 శాతం, మాత్ర ఒక్కటే తీసుకున్నవారిలో 61 శాతం మెరుగుపడ్డారని అక్కడి కోఆర్డినేటర్ వివరించారు.

"ప్రయోగాలకు మన పిల్లే దొరికిందా?" అని మా మేనమామ మండిపడ్డాడు. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనంలో భాగంగా గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎన్నో అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఆ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. నా విషయంలో మాత్రం నాన్న సంతకం అయ్యాక కోఆర్డినేటర్ ఆయన్ను బయట కూర్చోమని, తెలుగులో ఉన్న మరో కాగితం నా ముందు పెట్టి, "మీ నాన్నగారు సరే అన్నా, నువ్వు వద్దంటే చేర్చుకోము. మధ్యలో మానేసినా నీ వైద్యం ఆగదు" అన్నారు. జబ్బు చేశాక నన్ను అడిగి చేసిన మొదటి పని అదే.

ఎవరికి సీబీటీ అన్నది లాటరీలా తేల్చే కంప్యూటర్ కేటాయింపులో నాకు అది రాలేదు. ఇంత దూరం ఇందుకా వచ్చామని అమ్మ ఏడ్చింది.

రెండో వారంలో ఒక రాత్రి ఒళ్లంతా ఒకటే గాభరా, కూర్చోలేను, పడుకోలేను. అంతకుముందు ఎప్పుడో వచ్చిపోయే చావు ఆలోచన ఆ రాత్రి నన్ను వదలకుండా తరిమింది. మొదటి వారాల్లో కొందరు పిల్లల్లో ఇలాంటి ఆలోచనలు పెరగవచ్చని, ఏ వేళలోనైనా ఫోన్ చేయమని ఆ కాగితంలో రాసి ఉన్న సంగతి గుర్తొచ్చి అమ్మను తట్టి లేపాను. నాన్న వేళ్లు వణికి అంకెలు తప్పు నొక్కుతుంటే అన్నయ్య ఫోన్ తీసుకున్నాడు. ఎత్తిన జూనియర్ డాక్టర్ ముందు నాతోనే మాట్లాడి, నన్ను క్షణం కూడా ఒంటరిగా వదలకుండా ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నారు. తెల్లవారేదాకా అమ్మ నా చెయ్యి పట్టుకొని కనకదుర్గమ్మకు మొక్కుకుంటూనే ఉంది. పొద్దున మందు మోతాదు తగ్గించారు. ఆ డాక్టరమ్మ పేరు నా పూజలో ఇప్పటికీ ఉంటుంది.

ట్రయల్ ముగిశాక, ముందే రాసుకున్న నియమం ప్రకారం నాకూ సీబీటీ ఇచ్చారు. మాత్ర పని చేసిందో, మాటలు పని చేశాయో, అమ్మవారే దయ తలచిందో నేను విడదీసి చెప్పలేను. జువాలజీ మళ్లీ చదవగలిగాను, పరీక్ష రాశాను. కానీ ఆ పరిశోధనలో చివరికి ఏం తేలిందో మాకెవరికీ తెలియజేయలేదు. ఇంత చేసినవాళ్లు ఒక్క ఉత్తరం రాయలేకపోయారా అన్న బాధ నాకుంది.

పిల్లలను ట్రయల్లో చేర్చాలనుకునేవారు ముందుగా బిడ్డకు వైద్యం చేస్తున్న వైద్యుణ్ణి సంప్రదించండి. చేర్చుకోవడానికి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎవరిస్తారో, ట్రయల్ ముగిశాక బిడ్డను ఎవరు చూస్తారో సంతకానికి ముందే కాగితం మీద చూసుకోండి. ఈ రాత్రే ప్రాణభయం ఉన్న బిడ్డకు మాత్రం ట్రయల్ కోసం వెతుకుతూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు.